రుమటాయిడ్ ఆర్థరైటిస్: నొప్పిని తగ్గించే మందులు, వ్యాధిని అదుపు చేసే మందులు

రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని తేలిన రోజున రోగి చేతికి వచ్చే మందుల చీటీలో సాధారణంగా మూడు రకాల మందులు ఉంటాయి. మొదటిది నొప్పి మాత్ర. వేసుకున్న గంటా రెండు గంటల్లో దాని పని తెలుస్తుంది. రెండోది తక్కువ మోతాదు స్టెరాయిడ్. రెండు మూడు రోజుల్లో పిడికిలి బిగించగలిగే స్థితి వస్తుంది. మూడోది వారానికి ఒక్కరోజు మాత్రమే వేసుకోవలసిన మెథోట్రెక్సేట్. దాని ఫలితం కనిపించడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. ఈ మూడింటిలో కీళ్లు పాడవకుండా ఏళ్ల తరబడి కాపాడగలిగింది మూడోదే. కానీ మొదటి నెలలో ఏ మేలూ చేసినట్టు అనిపించనిదీ, వేసుకున్న మర్నాడు కడుపులో తిప్పేదీ, ఫోనులో వెదికితే ‘క్యాన్సర్ మందు’ అని కనిపించి భయపెట్టేదీ కూడా అదే. అందుకే చాలామంది మొదటి రెండింటినీ ఉంచుకొని మూడోదాన్ని మానేస్తారు. ఈ వ్యాధిలో తప్పించుకోగలిగి కూడా తప్పించుకోలేకపోతున్న నష్టంలో పెద్ద భాగం ఈ ఒక్క నిర్ణయం నుంచే వస్తున్నదని నా అభిప్రాయం.

రోగిని తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. బాధలో ఉన్న మనిషి మందును బాధతోనే కొలుస్తాడు. ఆ కొలత ఈ వ్యాధిలో ఎందుకు సరిపోదో తెలియాలంటే, కీలు లోపల ఏం జరుగుతున్నదో ముందు చూడాలి.

కదిలే కీళ్లకు లోపలివైపు పల్చని పొర ఒకటి ఉంటుంది. ఎముకల చివర్లు ఒరుసుకోకుండా కాపాడే జిగట ద్రవాన్ని తయారుచేసేది అదే. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో రోగనిరోధక వ్యవస్థ దారి తప్పి ఈ పొర మీదే దాడికి దిగుతుంది. తెల్ల రక్తకణాలు అక్కడ గుంపులుగా చేరి టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి రసాయనాలను విడుదల చేస్తాయి. ఆ రసాయనాలు మరిన్ని కణాలను పిలుస్తాయి. పొర మందంగా, మెత్తగా ఉబ్బి, క్రమంగా మృదులాస్థి మీదికి పాకి, దాని అంచున ఉన్న ఎముకను తొలిచివేస్తుంది. ఎక్స్‌రేలో కనిపించే ఈ తొలిచిన గుర్తులు చాలామందిలో మొదటి రెండేళ్లలోనే ఏర్పడతాయి. ఒకసారి తొలిచిన ఎముకను ఏ మందూ పూర్వస్థితికి తేలేదు. వేళ్లు చిటికెనవేలి వైపుకు వాలిపోవడం, మణికట్టు బిగుసుకుపోవడం వంటివి ఈ నష్టం పేరుకున్న తర్వాత కనిపించే రూపాలు. నొప్పి మాత్ర ఈ గొలుసులో నొప్పిని పుట్టించే ఒక్క కొసను మాత్రమే పట్టుకుంటుంది. ఎముకను తొలిచే పని దాని వెనుక సాగుతూనే ఉంటుంది.

ఈ వ్యాధి పెద్దవాళ్లలో నూటికి సుమారు అర నుంచి ఒకరికి వస్తుంది. ఢిల్లీకి దగ్గరలోని బల్లభ్‌గఢ్ ప్రాంతపు గ్రామాల్లో చేసి 1993లో ప్రచురించిన అధ్యయనంలో ఇది 0.75 శాతంగా తేలింది. పురుషులకంటే స్త్రీలలో రెండు మూడు రెట్లు ఎక్కువ. ముప్పై నుంచి అరవై ఏళ్ల మధ్య, అంటే ఇంటి పనీ బయటి పనీ రెండూ నెత్తిన ఉన్న వయసులో మొదలవడం దీని మరో దౌర్భాగ్యం.

కీళ్లనొప్పి అన్నదల్లా ఇదే కాదు

మన దగ్గర ‘కీళ్లవాతం’ అన్న ఒక్క మాట కింద పూర్తిగా వేరువేరు జబ్బులు కలిసిపోతాయి. వయసుతో వచ్చే మోకాళ్ల అరుగుదలలో నడిచేకొద్దీ నొప్పి పెరుగుతుంది, కూర్చుంటే తగ్గుతుంది. పొద్దున్న లేచినప్పుడు బిగుతు ఉన్నా కొద్ది నిమిషాల్లో వదులుతుంది. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో ఇందుకు విరుద్ధంగా విశ్రాంతి తర్వాతే కీళ్లు బిగుసుకుంటాయి. తెల్లవారి లేచాక జడ అల్లుకోవడం, పళ్లెం ఎత్తడం, కుళాయి తిప్పడం కూడా కష్టమై, ఆ బిగుతు అరగంట నుంచి రెండు మూడు గంటల దాకా ఉండి, పనిలో పడ్డాక నెమ్మదిగా సడలుతుంది. మణికట్లు, వేళ్ల మొదళ్లలోని కణుపులు, పాదాల వేళ్ల మొదళ్లు రెండు వైపులా వాస్తాయి. గోటికి దగ్గరగా ఉండే చివరి కణుపులు మాత్రం సాధారణంగా వాపు లేకుండా మిగిలిపోతాయి. కరచాలనం చేస్తే విలవిలలాడే మనిషిలో ఆ అనుమానం రావాలి.

తెలుగు ప్రాంతాల్లో మరొక చిక్కు చికున్‌గున్యా. 2005 చివరలో ఆంధ్రప్రదేశ్‌లో బయటపడి 2006లో దేశమంతటా వ్యాపించిన ఆ జ్వరం ఎందరినో నెలల తరబడి కుంటించింది. ఆ ఒక్క ఏడాదే దేశంలో 13 లక్షలకు పైగా అనుమానిత కేసులు నమోదయ్యాయి. చికున్‌గున్యా తర్వాతి కీళ్ల వాపు అచ్చంగా రుమటాయిడ్ ఆర్థరైటిస్ లాగే కనిపించవచ్చు, కానీ చాలామందిలో వారాల్లోనో నెలల్లోనో దానంతట అదే తగ్గుతుంది. జ్వరం వచ్చిన నెలలోపే రుమటాయిడ్ అని ముద్ర వేయడమూ తప్పే, ఏడాది దాటినా వాపు వదలకపోతే ‘ఆ జ్వరం తాలూకు నొప్పులే’ అని ఊరుకోవడమూ తప్పే. సోరియాసిస్‌తో వచ్చే కీళ్లజబ్బు, యువకుల్లో నడుమును పట్టేసే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్, యూరిక్ యాసిడ్ పేరుకుని వచ్చే గౌట్ కూడా కీలు వాచే జబ్బులే అయినా వాటి మందులు వేరు. ఉదాహరణకు నడుముకు పరిమితమైన స్పాండిలైటిస్‌లో మెథోట్రెక్సేట్ పనిచేయదు. పక్కింటివారి చీటీ చూసి అదే మందు కొనుక్కోవడం ఇక్కడే బెడిసికొడుతుంది.

రక్తపరీక్షల విషయంలోనూ ఒక మాట. ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ అనేవి శరీరంలో ఇన్‌ఫ్లమేషన్ (వాపును పుట్టించే చర్య) ఉందని చెబుతాయి గాని, ఎందుకుందో చెప్పవు. రుమటాయిడ్ ఫ్యాక్టర్ ఆరోగ్యంగా ఉన్న వృద్ధుల్లో కూడా కొందరికి పాజిటివ్‌గా వస్తుంది. యాంటీ-సీసీపీ పరీక్ష అంతకంటే నమ్మదగినది. అది వెదికే యాంటీబాడీ వ్యాధి బయటపడటానికి కొన్నేళ్ల ముందు నుంచే రక్తంలో ఉండవచ్చు. అయినా ఈ రెండూ నెగటివ్‌గా ఉన్న రోగులు కూడా తక్కువేమీ కాదు. కీళ్లను ఒక్కొక్కటిగా నొక్కి చూసే వైద్యుడి వేళ్లకు సాటివచ్చే పరీక్ష ఇంకా రాలేదు. ఆ పని చేసేది ఎముకల డాక్టరు కంటే రుమటాలజిస్టు. హైదరాబాదు నిమ్స్‌లో ఇందుకు ప్రత్యేక విభాగమే ఉంది.

కార్టిసోన్ వెలుగులో వెనుకబడ్డ మందు

1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే వైద్యుడు, ఈ వ్యాధితో మంచం పట్టిన ఒక యువతికి కార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చాడు. కొద్ది రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. కదలలేని రోగులు మెట్లెక్కుతున్న చలనచిత్రాలను చూసిన వైద్యలోకం నివ్వెరపోయింది. రెండేళ్లు తిరగకుండానే 1950లో హెంచ్‌కు, కెండల్, రైక్‌స్టైన్‌లతో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. వ్యాధికి విరుగుడు దొరికిందనే అందరూ అనుకున్నారు. తర్వాతి కొన్నేళ్లలో ఉబ్బిన ముఖాలు, గుల్లబారిన ఎముకలు, కడుపులో పుళ్లు, మధుమేహం, మందు ఆపగానే రెట్టింపుగా తిరగబెట్టే వాపు చూశాక గాని ఆ సంబరం తగ్గలేదు.

హెంచ్ ఆ ఇంజెక్షన్ ఇవ్వడానికి నెల ముందే, 1948 ఆగస్టులో, న్యూయార్క్ రాష్ట్రంలో ఎల్లాప్రగడ సుబ్బారావు కన్నుమూశాడు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, హార్వర్డ్ మీదుగా లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనాలయానికి చేరిన ఆయన నాయకత్వంలోనే అక్కడి బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. దానిని అడ్డుకునే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ కూడా ఆ పరిశోధనల నుంచే వచ్చాయి. వాటిలో అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ సోకిన పిల్లలకు ఇచ్చి, తాత్కాలికంగానైనా వ్యాధి వెనక్కి తగ్గడాన్ని 1948లో ప్రకటించాడు. 1951లో అదే అమినోప్టెరిన్‌ను కొద్దిమంది రుమటాయిడ్ ఆర్థరైటిస్ రోగులకు ఇచ్చి చూస్తే వాపు తగ్గింది. కానీ అందరి చూపూ కార్టిసోన్ మీదే ఉన్న రోజులవి. తక్కువ మోతాదులో వారానికి ఒకసారి ఇచ్చే మెథోట్రెక్సేట్ మీద పకడ్బందీ అధ్యయనాలు 1980లలో గాని రాలేదు; అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దానిని ఈ వ్యాధికి ఆమోదించింది 1988లో. ఒక్క వారంలో అద్భుతం చూపించిన మందుకు రెండేళ్లలో నోబెల్ దక్కితే, రెండు నెలల తర్వాత గాని పని మొదలుపెట్టని మందు గుర్తింపు పొందడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది. ఈనాడు ప్రపంచమంతటా ఈ వ్యాధికి మొదట రాసే మందు అదే.

స్టెరాయిడ్‌ను దెయ్యంగా చూడనక్కర్లేదు. మెథోట్రెక్సేట్ పని మొదలుపెట్టే దాకా ఉన్న ఆ రెండు నెలలను దాటించడానికి ప్రెడ్నిసొలోన్‌ను తక్కువ మోతాదులో ఇచ్చి, వీలైనంత త్వరగా, మూడు నెలలలోపు తగ్గించుకుంటూ ఆపేయడం సరైన పద్ధతి. ఇబ్బంది అది ఆగకపోవడంలో ఉంది. ఊళ్లలో ఆర్‌ఎంపీ వైద్యులు వేసే ‘నొప్పుల ఇంజెక్షన్’, పేరూ ఊరూ లేని పొట్లాల మందులు, ‘అన్నీ మూలికలే’ అని అమ్మే పొడుల్లో స్టెరాయిడ్ కలిసి ఉండటం మన దేశంలో పరీక్షల్లో పదేపదే బయటపడిన విషయం. ఏళ్లనాటి వాపు రెండు రోజుల్లో మాయమైతే ఆ పొడిని మెచ్చుకునే ముందు అనుమానించాలి. అటువంటి మందు నెలల తరబడి వాడినవారు ఒక్కసారిగా ఆపకూడదు కూడా. బయటి నుంచి వచ్చే స్టెరాయిడ్‌కు అలవాటుపడి శరీరం తన స్టెరాయిడ్‌ను తయారుచేయడం మానుకుని ఉంటుంది కాబట్టి, అకస్మాత్తుగా ఆపితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. సిగ్గుపడకుండా ఆ పొట్లాన్ని వైద్యుడికి చూపించడమే మంచిది.

నొప్పి మాత్రలకు ఈ అధ్యాయంలో ఇంతకంటే చోటు అక్కర్లేదు: డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్, ఎటోరికాక్సిబ్ వంటివి అవసరమైన రోజుల్లో ఆసరా, రోజూ వేసుకుంటే కడుపుకు, మూత్రపిండాలకు, గుండెకు చేటు.

వారానికి ఒక్కరోజు

మెథోట్రెక్సేట్ గురించి రోగికి ఒక్క విషయమే చెప్పే సమయం ఉంటే, అది వారానికి ఒక్కసారి వేసుకునే మందు అని చెప్పాలి. ‘రోజుకు ఒకటి’ అని పొరబడి వరుసగా వేసుకున్నవారిలో నోటినిండా పుండ్లు, ఎముక మజ్జ దెబ్బతిని తెల్లకణాలు పడిపోవడం, మరణాలు సైతం సంభవించాయి. మన దగ్గర ఈ ప్రమాదానికి అవకాశాలు ఎక్కువ. చీటీ ఇంగ్లీషులో ఉంటుంది. మిగతా మందులన్నీ రోజువారీవి. దీనితోపాటు ఇచ్చే ఫోలిక్ యాసిడ్ మాత్ర కూడా చిన్నదే, కొన్ని కంపెనీల్లో రెండూ పసుపు రంగువే. ‘ఆదివారం రాత్రి’ అనో ‘గురువారం’ అనో వారం పేరును తెలుగులో పెట్టె మీద రాసి ఇవ్వమని వైద్యుణ్ణో మందుల షాపువాళ్లనో అడగడం చిన్న పనే, చేసే మేలు పెద్దది. పొరపాటున ఎక్కువ వేసుకున్నట్టు తెలిస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఫోలినిక్ యాసిడ్ అనే విరుగుడు ఉంది, అది ఎంత త్వరగా అందితే అంత మంచిది.

‘క్యాన్సర్ మందు’ అన్న భయానికి జవాబు మోతాదులో ఉంది. కీళ్లకు వాడేది వారానికి 7.5 నుంచి 25 మిల్లీగ్రాములు. కొన్ని ఎముక క్యాన్సర్లలో ఇదే మందును ఒక్క విడతలో పది గ్రాములకు పైగా ఎక్కిస్తారు. అక్కడ కణాల విభజనను ఆపడం ఉద్దేశం. ఇక్కడి తక్కువ మోతాదు ప్రధానంగా అడినోసిన్ అనే పదార్థాన్ని పెంచి ఇన్‌ఫ్లమేషన్‌ను చల్లార్చుతుందని ఎక్కువమంది పరిశోధకులు భావిస్తారు. ఫోలిక్ యాసిడ్‌ను కలిపి ఇస్తే నోటిపూత, వికారం, లివర్ ఎంజైములు పెరగడం తగ్గుతాయే గాని, మందు గుణం పోకపోవడానికి కారణమూ అదే కావచ్చు.

అయినా ఇది అజాగ్రత్తగా వాడే మందు కాదు. మొదలుపెట్టే ముందు రక్తకణాలు, లివర్, క్రియాటినిన్, హెపటైటిస్ బి, సి పరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే చేస్తారు. మొదట్లో నెలకోసారి, తర్వాత రెండు మూడు నెలలకోసారి రక్తపరీక్షలు కొనసాగుతాయి. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి ఇది పనికిరాదు. మద్యం తాగేవారు ఆ విషయం దాచకూడదు. మూత్రంలో మంటకు తరచుగా రాసే కోట్రిమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ దీనితో కలిస్తే మజ్జ ప్రమాదకరంగా దెబ్బతినవచ్చు, కనుక ఏ వైద్యుడి దగ్గరికి ఏ జబ్బుతో వెళ్లినా ఈ మందు వాడుతున్నామని ముందే చెప్పాలి. జ్వరంతో కూడిన ఇన్‌ఫెక్షన్ వస్తే ఆ వారం మోతాదు వాయిదా వేయడం, పొడిదగ్గు, ఆయాసం కొత్తగా మొదలైతే వెంటనే చూపించుకోవడం తప్పనిసరి. వికారం భరించలేకపోతున్నవారు మందునే వదిలేయకుండా, రాత్రి భోజనం తర్వాత వేసుకోవడమో, చర్మం కింద ఇచ్చే ఇంజెక్షన్ రూపానికి మారడమో చేయవచ్చు. ఇంజెక్షన్ పెద్ద మోతాదుల్లో మాత్రకంటే బాగా ఒంటపడుతుంది కూడా. వారానికి అయ్యే మందు ఖర్చు కొన్ని పదుల రూపాయలు దాటదు. రక్తపరీక్షల ఖర్చే దానికంటే ఎక్కువ కావడం ఒక విడ్డూరం, చాలామంది పరీక్షలు ఎగ్గొట్టడానికి అసలు కారణం కూడా అదే.

మెథోట్రెక్సేట్ ఒక్కటే చాలనప్పుడు హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసలజీన్‌లను జతచేస్తారు. మొదటిది పాత మలేరియా మందు. ఏళ్ల తరబడి వాడితే కంటి రెటీనాకు హాని జరిగే అవకాశం ఉన్నందున మోతాదును బరువును బట్టి, కిలోకు 5 మిల్లీగ్రాములు మించకుండా నిర్ణయించి, కంటి పరీక్షలు చేయిస్తారు. రెండోదానితో మూత్రం నారింజ రంగులో వస్తుంది, భయపడనక్కర్లేదు. 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో, మెథోట్రెక్సేట్ సరిపోని 353 మంది రోగుల్లో కొందరికి ఈ మూడు మందుల కలయికను, మిగతావారికి మెథోట్రెక్సేట్‌తోపాటు ఎటనర్‌సెప్ట్ అనే ఖరీదైన ఇంజెక్షన్‌ను ఇచ్చి పోల్చారు. ఫలితాల్లో మాత్రల కలయిక వెనుకబడలేదు. సొంత జేబులోంచి వైద్యం చేయించుకునే మన దేశంలో ఈ ఒక్క ఫలితానికి దక్కవలసినంత ప్రచారం దక్కలేదు.

ఏ మందు అన్నదానికంటే ఎంత పట్టుదలగా అన్నది ముఖ్యమని 2004లో గ్లాస్గోలో జరిగిన మరో అధ్యయనం చూపింది. ఒక వర్గం రోగులను నెలనెలా పిలిచి, కీళ్ల వాపును లెక్కగట్టి, ఆ అంకె నిర్ణీత స్థాయికి దిగకపోతే ప్రతిసారీ మందు పెంచారు. రెండో వర్గానికి మామూలు పద్ధతిలో మూడు నెలలకోసారి వైద్యం చేశారు. రెండు వర్గాలకూ అందుబాటులో ఉన్నవి అవే పాత మందులు. పద్దెనిమిది నెలల తర్వాత మొదటి వర్గంలో 65 శాతం మందిలో వ్యాధి దాదాపు నిద్రాణ స్థితికి చేరింది. రెండో వర్గంలో 16 శాతం మందిలోనే. ‘కాస్త పర్వాలేదండీ’ అని రోగి అనడం, ‘అయితే ఇవే కొనసాగించండి’ అని వైద్యుడు అనడం మన ఓపీల్లో రోజూ జరిగే సంభాషణ. ఆ సంభాషణలో ఎన్ని కీళ్లు వాచి ఉన్నాయన్న లెక్క లేకపోతే రోగి అడిగి మరీ లెక్కింపజేయాలి.

ఖరీదైన మందులు, వాటి షరతులు

టీఎన్‌ఎఫ్ అనే ఒక్క రసాయనాన్ని అడ్డుకుంటే మొత్తం గొలుసు తెగుతుందని 1990లలో లండన్‌లో మార్క్ ఫెల్డ్‌మన్, రవీందర్ మైనీ నిరూపించడంతో బయోలాజిక్ మందుల (జీవకణాల్లో తయారుచేసే ఇంజెక్షన్ల) తరం మొదలైంది. ఎటనర్‌సెప్ట్ 1998లోనూ, ఇన్‌ఫ్లిక్సిమాబ్ మరుసటి ఏడాదీ, అడాలిముమాబ్ 2002లోనూ ఈ వ్యాధికి ఆమోదం పొందాయి. బి కణాలనే ఒక రకం తెల్లకణాలను తొలగించే రిటుక్సిమాబ్ 2006లో వచ్చింది. వీటి ధర మొదట్లో మధ్యతరగతికి ఊహకు అందనిది. హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ 2007లో రిటుక్సిమాబ్‌కూ, అహ్మదాబాదుకు చెందిన జైడస్ 2014లో అడాలిముమాబ్‌కూ బయోసిమిలర్లు (అసలు మందును పోలిన రూపాలు) తెచ్చాక ధరలు దిగాయి, అయినా ఏళ్ల తరబడి భరించడం చాలా కుటుంబాలకు నేటికీ కష్టమే.

వీటిని మొదలుపెట్టే ముందు చూడవలసిన అసలు విషయం క్షయ. ప్రపంచంలోని క్షయ రోగుల్లో సుమారు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. లక్షణాలు లేకుండా ఒంట్లో ఆ క్రిమి నిద్రిస్తున్నవారు అంతకు ఎన్నో రెట్లు. ఊపిరితిత్తుల్లో ఆ క్రిమిని గూడుకట్టి బంధించి ఉంచేది టీఎన్‌ఎఫే కాబట్టి, దానిని ఆపితే క్షయ లేచి కూర్చుంటుంది. అందుకే మాంటూ లేదా ఇగ్రా పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే ముందుగా చేసి, క్రిమి ఉన్నట్టు అనుమానం వస్తే నివారణ మందు కనీసం నెల రోజులు వాడాకే ఇంజెక్షన్ మొదలుపెడతారు. ఈ పరీక్షలు లేకుండా బయోలాజిక్ ఇస్తామనేవారి దగ్గర వేయించుకోకూడదు. ఇంజెక్షన్ పెన్నులను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉంచాలన్నది వినడానికి చిన్న విషయం. మే నెలలో గంటల తరబడి కరెంటు పోయే ఊళ్లో ఉండేవారికి కాదు.

టోఫాసిటినిబ్ వంటి మాత్రలు 2012 నుంచి వచ్చాయి. ఇవి త్వరగా పనిచేస్తాయి, మన దేశంలో జనరిక్ రూపంలో చవకగా దొరుకుతున్నాయి. ఆ చవకదనమే వాటి అతివాడకానికి దారితీస్తున్నదేమో అనిపిస్తుంది. యాభై ఏళ్లు దాటి, గుండెజబ్బు ముప్పు కనీసం ఒకటైనా ఉన్నవారిలో టీఎన్‌ఎఫ్ మందులతో పోల్చిన పెద్ద అధ్యయనంలో, టోఫాసిటినిబ్ వాడినవారిలో గుండెపోట్లు, క్యాన్సర్లు కొంత ఎక్కువగా కనిపించడంతో 2021లో అమెరికా నియంత్రణ సంస్థ గట్టి హెచ్చరిక చేర్చింది. వీటితో అక్కి కూడా తరచుగా వస్తుంది. పొగతాగే అరవై ఏళ్ల మనిషికీ, మరే జబ్బూ లేని ముప్పై అయిదేళ్ల మనిషికీ ఈ మాత్ర ఒకే అర్థం ఇవ్వదు.

పిల్లల్ని కనాలనుకునే వయసులో

ఈ వ్యాధి రోగుల్లో ఎక్కువమంది స్త్రీలే అయినప్పటికీ, గర్భం గురించి ముందే మాట్లాడటం మన ఆసుపత్రుల్లో అరుదు. మెథోట్రెక్సేట్, ఈ వ్యాధికే వాడే మరో మాత్ర లెఫ్లునొమైడ్ గర్భంలోని శిశువుకు హాని చేస్తాయి. మెథోట్రెక్సేట్‌ను గర్భధారణకు ఒకటి నుంచి మూడు నెలల ముందే ఆపాలి. లెఫ్లునొమైడ్ శరీరంలో చాలాకాలం ఉండిపోతుంది కనుక దానిని కడిగివేసే మందు అవసరమవుతుంది. హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసలజీన్‌లను గర్భంలోనూ కొనసాగించవచ్చు. చాలామందిలో గర్భిణిగా ఉన్నప్పుడు వ్యాధి తనంతట తాను తగ్గి, ప్రసవం తర్వాత కొద్ది నెలల్లో తిరగబెడుతుంది. చంటిబిడ్డను ఎత్తుకోలేని ఆ నెలలకు మందుల ప్రణాళిక ముందే ఉండాలి. పెళ్లి చూపుల ముందు మందులు ఆపించేసే తల్లిదండ్రులు ఇంకా ఉన్నారు. జబ్బును దాచడానికి చేసే ఆ పని, కొన్నేళ్లకు వంకరపోయిన వేళ్లతో జబ్బును అందరికీ చూపిస్తుంది.

ఆహారం గురించి రోగులకు ఇరుగుపొరుగు ఇచ్చే సలహాలకు అంతులేదు: దుంపలు వద్దు, వంకాయ వద్దు, పులుపు వద్దు, పప్పు వద్దు. వీటివల్ల ఈ వ్యాధి పెరుగుతుందనడానికి సరైన ఆధారం లేదు. పప్పూ గుడ్డూ మానేస్తే కండ మాత్రం తప్పక తగ్గుతుంది, అసలే వ్యాధి కండను కరిగిస్తుంటే. ఏదైనా ఒక వంటకం తిన్న ప్రతిసారీ బాధ పెరుగుతున్నదని రోగికి స్వయంగా అనిపిస్తే అది మానుకోవడంలో తప్పులేదు. కచ్చితంగా మానవలసినవి బీడీ, సిగరెట్. పొగాకు వ్యాధి వచ్చే అవకాశాన్నీ తీవ్రతనూ పెంచడమే కాక మందుల పనితనాన్ని కూడా తగ్గిస్తుంది. ఈ రోగులకు గుండెజబ్బు ముప్పు ఇతరులకంటే సుమారు ఒకటిన్నర రెట్లు ఉంటుంది కనుక బీపీ, కొలెస్ట్రాల్ లెక్కలు కీళ్ల లెక్కలంత ముఖ్యమైనవే.

వాపు లేని నొప్పి, నొప్పి లేని వాపు

వైద్యం బాగా సాగుతున్నా కొందరికి నొప్పి, నీరసం పూర్తిగా పోవు. రక్తపరీక్షలు బాగుంటాయి, కీలు నొక్కి చూస్తే మెత్తని వాపు ఉండదు, అయినా రాత్రి నిద్రపట్టదు. ఇది కల్పన కాదు. అంతకుముందే పాడైన కీలు అరుగుదల వల్ల కావచ్చు, ఏళ్ల నొప్పికి నాడీవ్యవస్థ అతిగా స్పందించడం నేర్చుకోవడం వల్ల కావచ్చు, రక్తహీనత, థైరాయిడ్, నిద్రలేమి, కుంగుబాటు వల్ల కావచ్చు. ఇటువంటి నొప్పికి బయోలాజిక్‌ను మార్చి మార్చి చూడటం డబ్బు దండగ. క్రమంగా పెంచుకుంటూ పోయే వ్యాయామం, ఫిజియోథెరపీ, నిద్రకు సంబంధించిన వైద్యం ఇక్కడ ఎక్కువ పనిచేస్తాయి. దీనికి అద్దంలో ప్రతిబింబం లాంటి పరిస్థితి, నొప్పి మాత్రల పుణ్యాన బాధ తెలియకుండా లోపల వాపు సాగుతుండటం. ఈ రెండింటిలో రోగి ఏ పక్కన ఉన్నాడో తేల్చకుండా రాసే చీటీ గాలిలో దీపమే.

ఇక అందరూ అడిగే ప్రశ్న: జీవితాంతం వాడాలా? ఆరు నెలలకు పైగా వ్యాధి నిద్రాణంగా ఉంటే మోతాదు తగ్గించి చూడవచ్చు, కానీ తగ్గించడానికీ ఆపేయడానికీ తేడా ఉంది. నార్వేలో జరిగి 2021లో వెలువడిన అధ్యయనంలో, కనీసం ఏడాదిగా వ్యాధి నిద్రాణంగా ఉన్నవారిలో మాత్రల మోతాదును సగానికి తగ్గించిన వర్గంలో ఏడాదిలోపు 25 శాతం మందికి వాపు తిరగబెట్టింది. మోతాదు మార్చని వర్గంలో 6 శాతం మందికే. అంటే సగం మోతాదుతో నలుగురిలో ముగ్గురు బాగానే ఉన్నారని కూడా ఈ అంకె చెబుతున్నది, ఏ వైపు నుంచి చూడాలన్నది రోగి వయసు, ఉద్యోగం, ఇతర జబ్బులను బట్టి ఉంటుంది. తగ్గించే క్రమంలో మొదట పోవలసింది స్టెరాయిడ్, తర్వాత ఖరీదైన ఇంజెక్షన్ల మధ్య ఎడం పెంచడం, చిట్టచివరన మెథోట్రెక్సేట్. ఆచరణలో మాత్రం తరచుగా దీనికి తలకిందులుగా జరుగుతుంది: రోగి మెథోట్రెక్సేట్ మానేసి స్టెరాయిడ్ ఉంచుకుంటాడు. తగ్గించాక మొదటి ఏడాది మూడు నెలలకోసారి కీళ్లు చూపించుకుంటూ, పొద్దుటి బిగుతు మళ్లీ అరగంట దాటితే గడువు కోసం ఆగకుండా వెళ్లి పాత మోతాదుకు మారితే, ఎక్కువమందిలో వ్యాధి మళ్లీ అదుపులోకి వస్తుంది.